గీత కన్నా ముందు చూపు

వయసు నలభై దాటాక మళ్ళీ విద్యార్థినయ్యాను. పగలు ఉద్యోగం, వారంలో మూడు సాయంత్రాలు బొమ్మల చదువు. కంప్యూటరు మీద బొమ్మలు వేయడమూ, కథల్లోని పాత్రలకు రూపం కల్పించడమూ అక్కడ నేర్పే విద్యలు. నా తోటివాళ్ళలో ఎక్కువమంది ఇరవై ఏళ్ళ పిల్లలు. నన్ను 'అంకుల్' అనాలో, పేరు పెట్టి పిలవాలో తేల్చుకోలేక మొదటి నెలంతా 'ఏవండీ'తో సరిపెట్టారు. ఇప్పుడు 'మాస్టారూ' అంటున్నారు, నాకు నేర్పేది వాళ్ళే అయినా.

వాళ్ళ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. నేను ఒక గీత గీసి, తుడిచి, మళ్ళీ గీసేలోపు వాళ్ళు బొమ్మ పూర్తిచేసి రంగులు కూడా వేసేస్తారు. కానీ ఆ ముచ్చట వెనకే ఒక బెంగ కూడా ఉంది. ఈ టపా ఆ బెంగ గురించే.

మొన్న సెమిస్టరు చివర ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర ఇచ్చారు. చేపలమ్మే ఆవిడ, బడిపంతులమ్మ, యువరాణి, ఊరి పొలిమేరలోని దయ్యం, ఇలాగ. ముప్ఫై బొమ్మలు గోడకెక్కాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే బాగానే ఉంది. వరసగా చూస్తే మాత్రం ముప్ఫై బొమ్మల్లోనూ ఒకే అమ్మాయి. పెద్ద కళ్ళు, సూది గడ్డం, గాలికెగిరే జుట్టు. చేపలమ్మే ఆవిడ నెత్తిన బుట్ట తీసేస్తే యువరాణి. యువరాణి కిరీటం తీసేస్తే పంతులమ్మ. దయ్యానికి కాళ్ళు మాత్రమే తేడా.

ఇది ఆ పిల్లల తప్పు కాదని నా నమ్మకం. చదువు చెప్పే వరసలోనే తిరకాసు ఉంది. పనిముట్టుకు మొదటి పీట, చూపుకు చివరి పీట వేస్తున్నాం. ఈ వరస తిరగబడాలన్నదే నా వాదన. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ పని ఏమిటో కొంచెం వివరించాలి.

కథలో ఒక మనిషి ఉన్నాడనుకుందాం. సచిత్ర కథకైనా, యానిమేషనుకైనా, ఆటకైనా అతణ్ణి ఒక్కసారి గీస్తే సరిపోదు. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీయాలి. నవ్వుతూ, అలిగి మూల కూర్చుని, కుక్క తరిమితే పరుగెడుతూ గీయాలి. ఎన్నిసార్లు గీసినా, ఎవరి చేత్తో గీసినా అతడే అనిపించాలి. అందుకోసం ఒక ఆధారపటం తయారుచేస్తారు. దానికి వృత్తిలో మోడల్ షీట్ అని పేరు. ఒళ్ళు మొత్తం ఎన్ని తలల పొడవు, భుజాల వెడల్పు ఎంత, కోపం వస్తే కనుబొమ ఎక్కడికి పోతుంది, పక్కనున్న పాత్రకు ఇతను ఎంతవరకు వస్తాడు, ఇవన్నీ అందులో ఉంటాయి. అంటే ఈ విద్యలో అందం రెండో సంగతి. గుర్తు మొదటి సంగతి.

గుర్తుకు ఒక పాత పరీక్ష ఉంది. బొమ్మ లోపలి గీతలన్నీ పోయేలా మొత్తం నల్లరంగు నింపేయాలి. మిగిలిన నీడ చూసి ఎవరో చెప్పగలిగితే రూపం కుదిరినట్టు. చందమామ చదివినవాళ్ళకి ఈ పరీక్ష కొత్తగా వివరించక్కర్లేదు. శంకర్ గారు (కె.సి. శివశంకరన్, 1924–2020) గీసిన బేతాళకథల బొమ్మను తలచుకోండి. చేత కత్తి, భుజాన వేలాడే శవం. ఆ బొమ్మకు నిండా నలుపు పూసినా అది విక్రమార్కుడే. మీసం, కిరీటం, నగలు ఏవీ కనబడక్కర్లేదు. ఆ మనిషి బరువు మోస్తున్నాడు, అయినా నడుస్తున్నాడు. కథ మొత్తం ఆ నీడలోనే ఉంది.

మరో ఉదాహరణ. గ్రిమ్ సోదరుల కథలో హిమశ్వేతకు ఆశ్రయమిచ్చిన ఏడుగురు మరుగుజ్జులకు పేర్లు లేవు. 1937లో డిస్నీ సంస్థ ఆ కథను చలనచిత్రంగా తీసినప్పుడు ఆ ఏడుగురికీ పేర్లు పెట్టి, వేర్వేరు మనుషుల్ని చెయ్యవలసి వచ్చింది. అందరూ ఒకే ఎత్తు, ఒకే పని, ఇంచుమించు ఒకే దుస్తులు. మరి తేడా ఎక్కడ చూపించాలి? నిలబడే తీరులో, ముక్కులో, పొట్టలో, నడకలో చూపించారు. ఆరుగురికి గడ్డం పెట్టి డోపీ ఒక్కడికి తీసేశారు. గడ్డంలేని ఆ ఒక్క ముఖంతో అతని పసితనం మాట అక్కర్లేకుండానే తెలిసిపోయింది. నిజానికి సినిమాలో అతడు మాట్లాడడు కూడా.

ఇలాంటి నిర్ణయాలు చేతి నుంచి రావు. మనుషుల్ని చూసి చూసి లోపల పోగుచేసుకున్న జ్ఞాపకం నుంచి వస్తాయి. మా తరగతిలో ఆ జ్ఞాపకాన్ని పోగుచేసే పని ఎక్కడా లేదు. మొదటి వారం నుంచే సాఫ్టువేరు. పొరలు ఎలా పెట్టాలి, కుంచెల సరంజామా ఎలా దించుకోవాలి, వణికిన గీతను యంత్రం చేత ఎలా సాపు చేయించాలి, ఇవన్నీ చెప్పారు. ఇవి తెలియాల్సినవే. కాదనను. గీతల పలకలో కూడా రెండు రకాలున్నాయి. తెర లేని పలకైతే చెయ్యి బల్ల మీద ఉంటుంది, చూపు కంప్యూటరు తెర మీద ఉంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. తెర ఉన్న పలకైతే కాగితం మీద గీసినట్టే ఉంటుంది గానీ ధర ఎన్నో రెట్లు ఎక్కువ. విద్యార్థుల మాటలన్నీ ఈ ధరల చుట్టూనే తిరుగుతుంటాయి. ఒత్తిడిని ఎన్ని వేల స్థాయిల్లో గుర్తిస్తుంది, ఏ కుంచె ఎవరు వాడతారు, ఇదే చర్చ. మంచి పలక కొనే స్తోమతు లేక తనకీ విద్య రాదేమోనని దిగులుపడే అమ్మాయి ఒకామె మా తరగతిలో ఉంది. ఆ దిగులు ఆమెకు ఎవరో అంటగట్టినది. ఆమె నోటుపుస్తకం చివరి పేజీల్లో పెన్నుతో గీసిన వాళ్ళ అమ్మమ్మ బొమ్మలున్నాయి. నేల మీంచి లేచేటప్పుడు ఒక చెయ్యి మోకాలి మీద, రెండోది గోడ మీద. ఆ గోడకెక్కిన ముప్ఫై బొమ్మల్లోనూ అంత నిజమైన మనిషి ఒక్కరు లేరు. ఆ పేజీలు ఆమె ఎవరికీ చూపించలేదు. అవి చదువులో భాగం కాదనుకుంది.

మరి పిల్లలు ఎవరిని చూసి గీస్తున్నారు? అమెరికా యానిమేషన్ను, జపాన్ యానిమేషన్ను. అందులో దోషం లేదు. గొప్ప పనిని చూసి నేర్చుకోవలసిందే. వడ్డాది పాపయ్య గారు (1921–1992) చిన్నతనంలో రవివర్మ గీసిన కోదండరాముణ్ణి చూసి గీయడంతోనే మొదలుపెట్టారు. కానీ పెద్దయ్యాక ఆయన బొమ్మ రవివర్మ బొమ్మలా ఉండదు. వపా రంగు వపాదే. చూసి గీయడం గుమ్మం లాంటిది. దాటి లోపలికి పోవాలి. గుమ్మంలోనే కాపురం పెడితే ఎలా?

అసలు మనం చూసి గీస్తున్నవాళ్ళు తాము ఎవరిని చూసి గీశారో కనుక్కుంటే సగం జబ్బు కుదురుతుంది. 1932లో వాల్ట్ డిస్నీ తన దగ్గర జీతానికి పనిచేస్తున్న చిత్రకారులకు మళ్ళీ పాఠాలు చెప్పించాడు. లాస్ ఏంజెలెస్‌లోని చూయినార్డ్ కళాపాఠశాలలో పనిచేసే డాన్ గ్రాహం అనే అధ్యాపకుడు సాయంత్రాలు వచ్చి వాళ్ళను సజీవమైన మనుషుల ఎదుట కూర్చోబెట్టి గీయించేవాడు. వాళ్ళు అప్పటికే వృత్తిలో ఉన్నవాళ్ళు. మిక్కీ మౌస్ అప్పటికే లోకమంతా తెలుసు. అయినా ఒక మనిషి కుర్చీలోంచి లేచేటప్పుడు బరువు ఏ కాలి మీద పడుతుందో చూడ్డానికి మళ్ళీ బడికి పోయారు. ఐదేళ్ళ తరవాత వచ్చిన ఆ ఏడుగురు మరుగుజ్జులకు వేరు అక్కడుంది.

జపాన్ సంగతీ అంతే. 1974లో టెలివిజన్లో వచ్చిన 'హైదీ' ధారావాహిక కోసం తకహాతా ఇసావో, మియజాకి హయావో, పాత్రలకు రూపమిచ్చిన కొతాబె యోయిచి ముందటేడు స్విట్జర్లాండ్ వెళ్ళి అక్కడి కొండలూ ఇళ్ళూ మనుషులూ చూసి వచ్చారు. పిల్లల కార్యక్రమం కోసం అంత దూరం వెళ్ళడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. ఆ పెద్ద కళ్ళు మనం చూసి గీసేస్తున్నాం. ఆ కళ్ళ వెనకున్న ప్రయాణం మాత్రం మనకు అక్కర్లేకపోయింది.

ఇక మన దగ్గరికి వద్దాం. పాత్రకు కొలత పెట్టడం మనకు పరాయి విద్య కాదు. మన శిల్పశాస్త్రాల్లో తాళమానం ఉంది. ముఖం పొడవు ఒక తాళం, అంటే పన్నెండు అంగుళాలు. గ్రంథాన్ని బట్టి తేడాలున్నా స్థూలంగా విష్ణువు వంటి ప్రధానదేవతలకు దశతాళం, వినాయకుడికి పంచతాళం, మరుగుజ్జు రూపాలకు చతుస్తాళం. వినాయకుడు చూడగానే ముద్దొస్తాడంటే ఆ పంచతాళంలో పసిపిల్లల కొలత ఉంది. ఇవాళ తరగతిలో 'పాత్ర ఎన్ని తలల ఎత్తు' అని నేర్పేది ఈ లెక్కకు దగ్గరి చుట్టమే.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. పురుషుల్ని హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులని ఐదు రకాలు చేసి 108, 106, 104, 100, 90 అంగుళాల ఎత్తులు చెప్పింది. కొలతల కన్నా నాకు ముఖ్యంగా తోచిన సంగతి వేరే ఉంది. ప్రతిమలు చెయ్యడం నేర్పమని వజ్రుడనే రాజు అడిగితే, మార్కండేయుడు చిత్రం తెలియకుండా ప్రతిమ రాదంటాడు. నృత్తం తెలియకుండా చిత్రం రాదు, వాద్యం తెలియకుండా నృత్తం రాదు, గానం తెలియకుండా వాద్యం రాదు అని వరసగా వెనక్కి తీసుకుపోతాడు. నెలలో విద్య ముగించి పట్టా ఇచ్చేసే మన కాలానికి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. కానీ బొమ్మ గీసేవాడికి ఒంటి కదలిక తెలియాలన్నది ఆ మాటలోని సారాంశం. డాన్ గ్రాహం పాఠమూ అదే.

నీడ పరీక్షకు కూడా మన దగ్గర ఒక బడి ఉంది. తోలుబొమ్మలాట. తెల్లటి తెర, వెనక దీపం, మధ్య తోలుబొమ్మ. చూసేవాడికి ముందుగా అందేది ఆకారమే. చాలా బొమ్మల ముఖాలు పక్కవాటుగా ఉంటాయి, ముక్కూ గడ్డమూ స్పష్టంగా తెలియడానికి. ఒంటి మీద నగలుండేచోట చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు, వెలుతురే నగవుతుంది. ఇక జుట్టుపోలిగాడూ బంగారక్కా తెర మీదికి రాగానే, నోరు విప్పకముందే జనం నవ్వుతారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రూపకల్పన నేర్చుకునే మన పిల్లల్లో ఎందరు ఒక్క బొమ్మనైనా దీపానికి అడ్డంగా పట్టుకుని చూశారు?

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. తోలుబొమ్మల అంచులూ చేర్యాల పటాల ఎరుపూ తెచ్చి అదే సూది గడ్డం అమ్మాయికి అంటిస్తే అది మన బొమ్మ అయిపోదు. ఈ మధ్య అదొక మోజు. జపాన్ పూత పోయి జానపదం పూత వస్తుంది, కింద మనిషి మారడు. పాతవాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది వాళ్ళ అలంకారం కాదు, వాళ్ళు తీసుకున్న నిర్ణయం. ఈ పాత్రకు ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి, ఏది పెంచాలి అన్న నిర్ణయం.

బాపు గారి (1933–2014) విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. 'బాపుబొమ్మ' అన్నది తెలుగులో ఒక మాటే అయిపోయింది. దానితో ఆ కోలకళ్ళూ వాలుజడా తీసుకుని అందరూ గీశారు. నరసాపురంలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదువుకున్న ఆ మనిషి కళ్ళతోపాటు గీసిన మిగతా జనాన్ని చూడండి. పొట్ట మీద చేతులు పెట్టుకున్న పెద్దమనిషి, నడుముకి పిల్లాణ్ణెత్తుకుని పక్కకి ఒరిగిన ఇల్లాలు, అరుగు మీద ఒక కాలు మడిచి కూర్చున్న ముసలాయన. ముళ్ళపూడి వారి బుడుగునైతే గుప్పెడు గీతల్లో తేల్చేశారు. ఆ గుప్పెడు గీతలు ఏవో తేల్చుకోవడానికి ఎందరు పిల్లల్ని చూసి ఉండాలి!

చూడవలసినవి ఎంత దగ్గర్లో ఉన్నాయో నాలుగు ఉదాహరణలు చెబుతాను. ఆర్టీసీ బస్సులో కండక్టరును గమనించండి. రెండు చేతులకూ పని ఉంటుంది కనుక కడ్డీ పట్టుకోడు. తుంటిని సీటు అంచుకు ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు. బస్సు మలుపు తిరిగితే అందరూ తూలుతారు, ఆయన తూలడు. నీడ గీస్తే ఆ ఒరుగు ఒక్కటే చాలు, సంచీ కూడా అక్కర్లేదు. గుడి ముందు పూలమ్మే ఆవిడ మోచేతి నుంచి వేళ్ళ దాకా దండను సాచి మూర కొలుస్తుంది. ఆ కొలిచే చెయ్యి ఆమె ఒంట్లో అన్నిటికన్నా తెలివైన భాగం. షేరు ఆటో నడిపే అతను పక్కన ఇంకో మనిషికి చోటిచ్చి సగం సీటు మీద పక్కవాటుగా కూర్చుంటాడు, అందువల్ల ఒక భుజం ఎప్పుడూ ముందుకుంటుంది. తాటిచెట్టెక్కే గీతకార్మికుడికి మోకు నడుము చుట్టూ తిరిగి చెట్టును పట్టుకుంటుంది. వెనక్కి వాలిన ఆ వీపునూ, నిటారుగా ఉన్న ఆ చెట్టునూ కలిపి చూస్తే అంతకన్నా చక్కని ఆకారం ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

బట్టల సంగతి ఇంకా ముఖ్యం. మడతలు గీయడానికి అంతర్జాలంలో దొరికే పాఠాలన్నీ చొక్కా మోచేతి దగ్గర ఎలా ముడతపడుతుందో, ప్యాంటు మోకాలి దగ్గర ఎలా ముడతపడుతుందో చెబుతాయి. అయిదున్నర మీటర్ల కుట్టులేని బట్ట నడుము దగ్గర దోపిన కుచ్చిళ్ళ నుంచి ఎలా జారుతుంది, పనిలోకి దిగినప్పుడు కొంగు ఎక్కడికి పోయి బొడ్లో చేరుతుంది, గోచీ పోసి కట్టిన పంచె వంగినప్పుడు ఎటు లాగుతుంది, ఇవి ఎవరూ చెప్పరు. అందుకే మన విద్యార్థులు గీసిన చీర తరచుగా గౌనుకు పమిట తగిలించినట్టు ఉంటుంది. దీనికి గురువు కావాలంటే ఇంట్లో అమ్మే ఉంది. పది నిమిషాలు పక్కన కూర్చుని చూస్తే చాలు.

ఇంతా విని 'మాస్టారూ, ఇప్పుడు ఇదంతా ఎందుకు? మాట చెబితే యంత్రమే బొమ్మ వేసి ఇస్తోంది కదా' అన్నాడు మా తరగతి కుర్రాడొకడు. వాడి ప్రశ్న తేలిగ్గా తీసెయ్యవలసింది కాదు. 2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటివి జనం చేతికి వచ్చాయి. మరుసటి ఏడు జనవరిలోనే తమ బొమ్మల్ని అడక్కుండా వాడుకుని వాటికి శిక్షణ ఇచ్చారని ముగ్గురు చిత్రకారులు అమెరికాలో దావా వేశారు. న్యాయం సంగతి న్యాయస్థానాలు చూస్తాయి. విద్యార్థి సంగతి మనం ఆలోచించాలి. నాలుగేళ్ళూ, తల్లిదండ్రుల డబ్బూ ధారపోసి చదువుతున్నవాడు ఏ ధైర్యంతో చదవాలి?

దీనికి జవాబు మన పరిశ్రమ చరిత్రలోనే ఉందనుకుంటాను. హైదరాబాదులోనూ, దేశంలో మరికొన్ని నగరాల్లోనూ యానిమేషన్ సంస్థలకు చాలాకాలం తిండిపెట్టినది బయటిదేశాల పని. కథా, పాత్రల రూపాలూ అక్కడ తయారయ్యేవి. ఆధారపటం ఇక్కడికి వచ్చేది. దాని ప్రకారం ఒక్క వెంట్రుక అటూ ఇటూ పోకుండా వేలకొద్దీ బొమ్మలు వేసి పంపడం మనవాళ్ళ పని. ఆ పనికి ఓర్పు కావాలి, నేర్పు కావాలి, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ నిర్ణయం మనది కాదు. అదే హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ సంస్థ వాళ్ళు 2008లో 'ఛోటా భీమ్' తెచ్చారు. పెద్ద తల, చిన్న ఒళ్ళు, కాషాయరంగు పంచె, చేతిలో లడ్డూ. ఆ బొమ్మ మీకూ నాకూ నచ్చిందా లేదా అన్నది వేరే మాట. పంచె కట్టిన ఆ కుర్రాడి నీడను చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. నిర్ణయం ఇక్కడ జరిగింది, దాని ఫలమూ ఇక్కడే మిగిలింది.

యంత్రం ముందుగా తినేది మొదటి రకం పనిని. ఒకరి పద్ధతిలో ఇంకో బొమ్మ వేసిపెట్టడం దానికి చేతనైన విద్య. ఇప్పటికే గీసి ఉన్న లక్షలాది బొమ్మలే దాని అనుభవం. సూది గడ్డం అమ్మాయిని అడిగితే క్షణంలో ఇస్తుంది, ఎందుకంటే ఆమె ఇప్పటికే లక్షసార్లు గీయబడింది. అంటే మన తరగతిలో పిల్లలచేత ఏ ఒక్క బొమ్మను పదేపదే గీయిస్తున్నామో, సరిగ్గా ఆ బొమ్మనే యంత్రం ఉచితంగా ఇస్తోంది. ఇంతకన్నా అన్యాయం ఇంకేముంది? పూలమ్మే ఆవిడ మూర కొలిచే చేతిని ఎంచుకోవడం మాత్రం ఎవరో ఒకరు గుడి ముందు నిలబడి చూస్తేనే అవుతుంది. యంత్రాన్ని వాడుకునేవాడికైనా, అది ఇచ్చిన పది బొమ్మల్లో ఏది అబద్ధమో చెప్పగలిగే కన్ను కావాలి కదా. ఈ చూపు ఉన్నవాడికి ఉద్యోగం తప్పకుండా వస్తుందని నేను పూచీపడలేను. లేనివాడికి మాత్రం కష్టకాలమే అనిపిస్తోంది.

అందువల్ల నేర్చుకునేవాళ్ళకు నాకు తోచిన వరస ఒకటి చెబుతాను. మొదటి రెండు నెలలూ పలక కొనకండి. జేబులో పట్టే చిన్న పుస్తకం, ఒక మెత్తని పెన్సిలు చాలు. బస్సులో, రైతుబజారులో, పెళ్ళిలో, ఆసుపత్రి వరండాలో మనుషుల్ని నిమిషానికొకరి చొప్పున గీయండి. ముఖం వద్దు, నిలబడిన తీరు చాలు. దగ్గరగా కూర్చుని తీరిగ్గా గీయాలంటే మాత్రం అడిగి గీయండి, ముఖ్యంగా ఆడవాళ్ళని. చాలామంది నవ్వి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పుస్తకం మూసెయ్యడం కూడా ఈ చదువులో భాగమే. తరవాత అందులోంచి పదిమందిని ఎంచుకుని నల్లటి నీడలుగా మార్చి, ఇంట్లోవాళ్ళకు చూపించి ఎవరేం పనిచేస్తారో అడగండి. ఎన్ని గుర్తుపట్టారో అవే మీ మార్కులు.

అప్పుడు కంప్యూటరు ముందు కూర్చోండి. డబ్బులేదని ఆగనక్కర్లేదు. క్రిత అనే సాఫ్టువేరు ఉచితం, స్వేచ్ఛగా పంచుకోదగినది, బొమ్మలు వేసేవాళ్ళకోసమే తయారైనది. దానికి తెర లేని చవకరకం పలక సరిపోతుంది. అందులో వందకు పైగా కుంచెలుంటాయి. మొదటి నెల ఒకే ఒక్క కుంచె వాడండి. రంగు జోలికి పోకుండా నలుపు, తెలుపు, మధ్యలో బూడిదరంగులతో సరిపెట్టుకోండి. అచ్చుకు పోయే బొమ్మైతే అంగుళానికి 300 చుక్కలు, అంటే ఎ4 కాగితానికి 2480 అడ్డం, 3508 నిలువు అని గుర్తుంచుకోండి. చిన్నగా గీసి తరవాత సాగదీస్తే గీత పాచిపోతుంది. ఆపైన ఒక తెలుగు కథ తీసుకుని అందులోని ఐదుగురిని ఒకే నేలగీత మీద పక్కపక్కన నిలబెట్టండి. ఐదుగురూ ఐదు ఆకారాలు కాకపోతే మళ్ళీ మొదటికి రండి. కుదిరితే ఒక్కొక్కరినీ నాలుగువైపుల నుంచీ తిప్పి గీయండి. వెనక నుంచి కూడా అతడే అనిపించిన రోజున ఆ పాత్ర మీ సొంతం.

చదువు చెప్పేవాళ్ళకు ఒకే ఒక్క విన్నపం. సెమిస్టరు చివర పూర్తయిన బొమ్మతోపాటు ఆ చిత్తుపుస్తకాన్ని కూడా అడిగి తీసుకుని దానికి సగం మార్కులు వెయ్యండి. పిల్లలు తెలివైనవాళ్ళు. మార్కులు ఎక్కడుంటే చూపు అక్కడికి పోతుంది. ఆ అమ్మమ్మ బొమ్మలున్న చివరి పేజీలు అప్పుడు మొదటి పేజీలవుతాయి.

ఇక మీకు. మీలో కథలు రాసేవాళ్ళున్నారు, ఊళ్ళ జ్ఞాపకాలు రాసేవాళ్ళున్నారు, నాలాగ వయసు మీరాక బొమ్మలు మొదలుపెట్టినవాళ్ళూ ఒకరిద్దరు ఉండొచ్చు. మీ ఊళ్ళో దూరం నుంచి, ముఖం కనబడకుండా, కేవలం ఆకారం చూసి ఎవరిని గుర్తుపట్టేవారు? ఏం చూసి గుర్తుపట్టేవారు? రెండు వాక్యాల్లో రాయండి చాలు. వాటిని మా తరగతి పిల్లలకు చదివి వినిపించి, నీడలు గీయించాలని నా ఆలోచన.